ఎవరి చేతుల మీదుగా, ఎవరి పేరున? కొత్త నిబంధనలో బాప్తిస్మం

బాప్తిస్మం మాటెత్తితే మన సంఘాల్లో చర్చ సాధారణంగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ముంచాలా, చిలకరించాలా? పసిబిడ్డలకు ఇవ్వొచ్చా, విశ్వసించాకే ఇవ్వాలా? రెండూ అడగాల్సిన ప్రశ్నలే. అయితే కొత్త నిబంధన రాసినవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి ఇవి కావు. వాళ్ల రాతల్లో పదేపదే తలెత్తే చిక్కు వేరే ఉంది. ఒక మనిషిని ఇంకో మనిషి నీళ్లలో ముంచుతున్నాడు. మరి ముంచిన ఆ చేతికి ఎంత విలువ ఇవ్వాలి? ఫలానావాడి చేతుల మీదుగా తీసుకున్నవాళ్లు ఆ ఫలానావాడి మనుషులైపోతారా? ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుని చదివితే, ఒకదానికొకటి పొసగనట్టుండే వచనాలు చాలావరకు దారికొస్తాయి.

ముందు యూదుల స్నానం సంగతి చూడాలి. లేవీయకాండము 15వ అధ్యాయం నిండా స్రావాలు, వాటివల్ల కలిగే అపవిత్రత, అది పోవడానికి చేయాల్సిన స్నానాలు ఉంటాయి. యేసు కాలానికి దీనికోసం ప్రత్యేకమైన గుంటలు తయారయ్యాయి. వాటిని మిక్వె అంటారు. రాతిలో తొలిచి, లోపల సున్నపు గచ్చు చేసి, అడుగుదాకా మెట్లు కట్టేవాళ్లు. కొన్నిటిలో మెట్ల మధ్య సన్నని గట్టు ఉంటుంది. అపవిత్రంగా దిగిన వైపు నుంచి కాక, శుద్ధుడయ్యాక రెండోవైపు నుంచి ఎక్కిరావడానికి దాన్ని కట్టి ఉంటారని పురావస్తు పరిశోధకులు చాలామంది భావిస్తారు. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన యూదుల నియమ సంకలనం మిష్నా ప్రకారం ఇందులో కనీసం 40 సేయాల నీళ్లుండాలి. ఈనాటి కొలతల్లో దాన్ని మూడు వందల పైచిలుకు లీటర్ల నుంచి వెయ్యి లీటర్ల దాకా రకరకాలుగా లెక్కగడతారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ నీళ్లు వాననుంచో ఊటనుంచో వాటంతటవే పారి రావాలి. తోడి పోసినవి పనికిరావు. 40 సేయాలు నిండకముందే 3 లోగులు, అంటే ఓ లీటరు నుంచి లీటరున్నర దాకా, తోడిన నీళ్లు పడ్డాయంటే ఆ గుంటంతా చెడిపోయినట్టే.

ఇంత పట్టింపు ఉన్న ఆ స్నానంలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మనిషి తనంతట తానే మునుగుతాడు, ఇంకొకరు ముంచరు. పైగా అది ఒక్కసారితో తీరేది కాదు. అపవిత్రత కలిగిన ప్రతిసారీ మళ్లీ దిగాల్సిందే. మృత సముద్రపు ఒడ్డున కుమ్రాన్‌లో ఇలాంటి మెట్ల గుంటలు అనేకం బయటపడ్డాయి. 1947 నుంచి అక్కడి గుహల్లో దొరికిన చుట్టల్లో ఆ సమాజపు నియమావళి కూడా ఉంది. మనసు తిప్పుకోనివాణ్ని ఏ నీళ్లూ శుద్ధి చేయవని అది గట్టిగా చెబుతుంది. నీళ్లకూ మనసు మార్పుకూ ముడి వేసినవాళ్లు, యేసుకు బాప్తిస్మం ఇచ్చిన యోహాను కంటే ముందే ఉన్నారన్నమాట. అక్కడ కూడా ఎవరి మునక వాళ్లదే.

యోహాను ఈ రెండింటినీ మార్చాడు. జనం అతని దగ్గరికి వచ్చి, అతని చేత, మారుమనస్సుకు గుర్తుగా ముంచబడ్డారు. దాన్ని మాటిమాటికీ చేయించుకోవాలన్న సూచన ఎక్కడా కనబడదు. అతనికి బాప్తిస్మమిచ్చు యోహాను అని పేరు పడింది అందుకే. ఎవరికి వారు మునిగే సమాజంలో ఇతరులను ముంచే మనిషి వింతగా కనబడతాడు. ఆ పేరు సువార్తల్లోనే కాదు, మొదటి శతాబ్దం చివర్లో రాసిన యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాతల్లోనూ ఉంది. అయితే జోసీఫస్ చెప్పే వివరణ వేరు. మనసు ముందే నీతివల్ల శుద్ధి అయ్యుండాలి, నీళ్లు శరీరానికే అంటాడు. మార్కు 1:4 మాత్రం పాపక్షమాపణ కోసమని చెబుతుంది. ఇద్దరూ మాట్లాడేది ఒకే మనిషి గురించి. నీళ్ల మీద పెట్టే బరువులోనే తేడా. ఇప్పటికీ సంఘాల మధ్య నలుగుతున్న వాదానికి మూలం ఆ మొదటి శతాబ్దంలోనే ఉంది.

యోర్దాను నది ఎందుకు? శుభ్రమైన నీళ్ల కోసమైతే కాదు. ఎర్ర ఆవు బూడిద కలిపే శుద్ధి జలానికి యోర్దాను నీళ్లు పనికిరావని మిష్నా అంటుంది, అవి కలగలుపు నీళ్లు కాబట్టి. రెండవ రాజుల గ్రంథంలో సిరియా సేనాధిపతి నయమాను కూడా ముందు ముక్కు చిట్లిస్తాడు, మా దమస్కు నదులు అబానా, ఫర్పరు దీనికంటే మంచివి కావా అని. చివరికి అందులోనే ఏడు మునకలు వేసి కుష్ఠు పోగొట్టుకుంటాడు. యెహోషువ వెంట జనం వాగ్దాన దేశంలోకి అడుగుపెట్టింది ఈ నది దాటే. ఏలీయా పైకి ఎత్తబడింది ఈ నది దాటాకే. ఒంటె రోమాల బట్ట, తోలు దట్టీ కట్టుకున్న మనిషి అదే ఒడ్డున నిలబడి పిలుస్తుంటే, ఆ కథలు తెలిసిన యూదుడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. అలాగని అతను ఒకేచోట కూర్చోలేదు. నీళ్లు పుష్కలంగా ఉన్నాయని సలీము దగ్గరి ఐనోనుకు వెళ్లాడని యోహాను సువార్త 3:23 చెబుతుంది. తూర్పు ఒడ్డున, మృత సముద్రానికి ఉత్తరంగా దాదాపు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న అల్ మగ్తస్‌ను యోర్దాను అవతలి బేతనియగా యాత్రికులు దర్శిస్తారు. 2015లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ముంచిన చేయి పెద్దదా?

ఇంకొకరి చేత మునగడంలో ఉన్న చిక్కు యేసు బాప్తిస్మంలోనే బయటపడింది. ఇచ్చేవాడు పెద్ద, పుచ్చుకునేవాడు చిన్న అని లోకం అనుకుంటుంది. మరి యోహాను ఇచ్చాడు, యేసు పుచ్చుకున్నాడు. పైగా అది పాపక్షమాపణ కోసమని చెప్పిన బాప్తిస్మం. ఈ ఒక్క ఘట్టాన్ని నాలుగు సువార్తలు ఎలా నడిపించాయో పక్కపక్కన పెట్టి చూడాలి.

అన్నిటికంటే ముందుదని ఎక్కువమంది పండితులు చెప్పే మార్కు సువార్త, సుమారు క్రీ.శ. 70 నాటిది, ఏ మొహమాటమూ లేకుండా యేసు వచ్చి యోహాను చేత బాప్తిస్మం పొందాడని రాసేసింది. మత్తయి దగ్గరికొచ్చేసరికి యోహానే వారిస్తాడు: నేను నీ చేత పొందవలసినవాణ్ని, నువ్వు నా దగ్గరికి రావడమేమిటి? నీతి యావత్తూ నెరవేరాలని యేసు చెప్పాకే ఒప్పుకుంటాడు. లూకా ఇంకో దారి పట్టాడు. 3:20లో హెరోదు యోహానును చెరసాలలో వేశాడని చెప్పేసి, ఆ తర్వాతి వచనంలో యేసు కూడా బాప్తిస్మం పొందాడంటాడు. ఇచ్చిందెవరో ఆ వాక్యంలో లేదు. నాలుగోదైన యోహాను సువార్తలో ఆత్మ పావురంలా దిగడాన్ని బాప్తిస్మమిచ్చు యోహాను సాక్ష్యంగా చెబుతాడే తప్ప, ముంచిన ఘట్టమే కనబడదు. యేసు యోహాను చేత బాప్తిస్మం పొందాడన్న సంగతి నమ్మదగిన చరిత్రేనని పరిశోధకులు అనడానికి ఇదే ప్రధాన కారణం. ఇంత ఇబ్బంది పెట్టే కథను సంఘం తనంతట తాను కల్పించుకోదు కదా.

ఆ నాలుగో సువార్తే మరో చిన్న సవరణ చేస్తుంది. యేసు యోహాను కంటే ఎక్కువమందికి బాప్తిస్మం ఇస్తున్నాడని పరిసయ్యులు విన్నారని చెబుతూనే, 4:2లో అడ్డొచ్చి, నిజానికి ఇచ్చింది యేసు కాదు, ఆయన శిష్యులు అంటుంది. చదువుకుంటూ పోతే కంటికి ఆనని వాక్యమది. కానీ నాకు స్వయంగా యేసే ఇచ్చాడు అని ఎవరైనా చెప్పుకోగలిగితే సంఘంలో పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకుంటే ఆ సవరణ అక్కడెందుకుందో తెలుస్తుంది.

అలాంటి పరిస్థితి కొరింథులో నిజంగానే వచ్చింది. క్రీ.శ. 50ల మధ్యలో పౌలు ఎఫెసు నుంచి రాసిన మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయమే ఆ గొడవ. నేను పౌలువాణ్ని, నేను అపొల్లోవాణ్ని, నేను కేఫావాణ్ని (అంటే పేతురువాణ్ని), నేను క్రీస్తువాణ్ని అని నాలుగు పక్షాలు. పౌలు నేరుగా బాప్తిస్మం మీదికే వస్తాడు: మీరు పౌలు పేరున పొందారా? ఆపైన లెక్క చెబుతాడు. క్రిస్పుకూ గాయికీ తప్ప మీలో ఎవరికీ నేను ఇవ్వలేదు, అందుకు దేవునికి కృతజ్ఞతలు. అంతలో గుర్తొస్తుంది: ఆఁ, స్తెఫను ఇంటివాళ్లకు కూడా ఇచ్చాను. ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదు. ఉత్తరం చెప్పి రాయిస్తుండగా నాలుక సవరించుకున్న ఆ తీరు 14 నుంచి 16 వచనాల్లో అలాగే ఉండిపోయింది. ఎవరికి ఇచ్చాడో పౌలుకే సరిగా గుర్తులేదంటే, ఇచ్చిన చేతికి ఆయన కట్టిన విలువ ఎంతో తేలిపోయింది. బాప్తిస్మం చిన్న విషయమని దీనర్థం కాదు. అదే మనిషి రోమా పత్రిక 6వ అధ్యాయంలో దాన్ని ఎక్కడ నిలబెట్టాడో కాసేపట్లో చూస్తాం.

లూకా రాసిందని చెప్పే అపొస్తలుల కార్యములను ఈ చూపుతో చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. ముంచిందెవరో లూకా చాలాచోట్ల చెప్పడు. కొర్నేలీ ఇంట్లో పేతురు బాప్తిస్మం పొందండని ఆజ్ఞాపిస్తాడు. ఎవరు ఇచ్చారు? రాయలేదు. ఎఫెసులో పన్నెండుమంది యేసు నామంలో పొందారు. పౌలు చేతులుంచాడని ఉంది కానీ, ముంచాడని లేదు. గాజా దారిలో ఐతియొపీయుడైన నపుంసకుడికి ఫిలిప్పు ఇచ్చాడని తేటగా ఉంది, అక్కడ వేరే మనిషే లేడు కాబట్టి. చేయి వెనక్కి తగ్గేకొద్దీ ముందుకొచ్చింది పేరు, యేసు క్రీస్తు నామం.

నీళ్లు ముందా, ఆత్మ ముందా?

ఎక్కువమంది తడబడే చోటిదే. అపొస్తలుల కార్యములు 2:38లో పేతురు చెప్పిన వరస మారుమనస్సు, యేసు నామంలో బాప్తిస్మం, పాపక్షమాపణ, ఆత్మ వరం. దీన్ని మారని సూత్రంగా పట్టుకుంటే ఆరు అధ్యాయాలు తిరక్కుండానే దెబ్బతింటాం. 8వ అధ్యాయంలో సమరయవాళ్లు విశ్వసించి బాప్తిస్మం పొందారు, ఆత్మ మాత్రం దిగలేదు. యెరూషలేము నుంచి పేతురు, అపొస్తలుడైన యోహాను వచ్చి చేతులుంచాకే దిగింది. 10వ అధ్యాయంలో తలకిందులు. పేతురు ఇంకా మాట్లాడుతుండగానే కొర్నేలీ ఇంటివాళ్ల మీద ఆత్మ దిగింది, నీళ్లు తర్వాత వచ్చాయి. దమస్కులో అననీయ పౌలు మీద చేతులుంచాడు, ఆ తర్వాతే బాప్తిస్మం.

లూకా సంఘ కాపరులకు క్రమ పుస్తకం రాయడం లేదు. వరస మారిన ప్రతిచోటా ఒక సరిహద్దు దాటుతున్నారు. యూదులకూ సమరయులకూ తరాల నాటి పగ. అక్కడి సంఘం విడిగా మొలవకుండా యెరూషలేము మనుషులు వచ్చి కళ్లారా చూడాల్సి వచ్చింది. కొర్నేలీ సున్నతి లేని రోమా శతాధిపతి. నీళ్లు ముందిస్తే, ఎవరు ఇమ్మన్నారని పేతురును నిలదీసేవాళ్లు. 11వ అధ్యాయంలో నిలదీశారు కూడా. ఆత్మే ముందు దిగింది, ఇక దేవుణ్ని అడ్డుకోవడానికి నేనెవరిని అన్నది అతని జవాబు. ఐతియొపీయుడి ప్రశ్న కూడా ఆ జాతిదే: నాకు అడ్డేమిటి? ధర్మశాస్త్రం ప్రకారం అడ్డుంది, ద్వితీయోపదేశకాండము 23:1 అలాంటివాణ్ని సమాజంలోకి రానివ్వదు. ఫిలిప్పు ఆ ప్రశ్నకు మాటతో బదులివ్వలేదు, నీళ్లలోకి దిగాడు. తర్వాతి కాలంలో చదివినవాళ్లకు ఆ మౌనం నచ్చినట్టు లేదు. పూర్ణ హృదయంతో విశ్వసిస్తే పొందవచ్చు అని ఫిలిప్పు చెప్పే 37వ వచనం పాత వ్రాతప్రతుల్లో కనబడదు. మార్కు 16:16 కూడా అంతే, నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడతాడన్న మాట. నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ ప్రతుల్లో మార్కు సువార్త 16:8తోనే ముగుస్తుంది. ఈ రెండు వచనాల మీదే వాదమంతా కట్టేవాళ్లు ఆ సంగతి తెలిసి కడితే మంచిది.

పేతురు 2:38లోని ఆ మాట చెప్పిన పెంతెకొస్తు పండుగ నాడు యెరూషలేములో ఒక్కరోజులో దాదాపు మూడు వేలమందికి ఎలా ఇచ్చారన్నది తరచూ వినబడే అనుమానం. నది లేని ఊరే, నీళ్లు లేని ఊరు కాదు. ఆలయపు దక్షిణ గోడ పక్కన మెట్ల గుంటలు చాలా బయటపడ్డాయి. సిలోయము కోనేటి మెట్లు 2004లో కనబడ్డాయి. ఇక సమయం అంటారా, మన ఒంగోలు దగ్గరే లెక్క ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌వాళ్లు 2,222 మందికి ముంపు బాప్తిస్మం ఇచ్చారు. కరువు సాయం అందుతున్నన్నాళ్లూ, తిండి కోసం వచ్చారన్న మాట రాకుండా, మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ రోజు ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడ్డారు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, సాయంత్రానికి ముగించారు. మనిషికి అర నిమిషం లెక్క. అదే వేగంతో పన్నెండుమంది అపొస్తలులు తలా 250 మందిని ముంచితే రెండు గంటల పైచిలుకు పని. సాధ్యమా అన్న ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

పౌలు ఇచ్చిన అర్థం

యోహాను దగ్గర బాప్తిస్మం కడుక్కోవడం. పౌలు దాన్ని చావు వైపు తిప్పాడు. అది గాల్లోంచి రాలేదు, యేసే తన మరణాన్ని తాను పొందవలసిన బాప్తిస్మమని అన్నట్టు మార్కు 10:38లో ఉంది. రోమా 6:3-4 ప్రకారం క్రీస్తులోకి బాప్తిస్మం పొందినవాళ్లు ఆయన మరణంలోకి పొందారు, ఆయనతో పాతిపెట్టబడ్డారు. ఇక్కడ కాలాలు గమనించాలి. పాతిపెట్టబడడం జరిగిపోయింది. పునరుత్థానంలో ఆయనతో ఏకమవడం మాత్రం ముందుంది. ఇప్పటికి చేయాల్సింది కొత్త జీవంతో నడవడం. కొలొస్సయులు 2:12 దగ్గర ఇది ఒకడుగు ముందుకెళ్లింది, లేపబడ్డారు కూడా అని. ఆ పత్రిక పౌలు స్వయంగా రాసింది కాదేమోనని కొందరు పండితులు అనుమానించే కారణాల్లో ఇదొకటి. ఒకసారే చస్తాం కాబట్టి పౌలు చెప్పిన అర్థంలో బాప్తిస్మం కూడా ఒక్కసారే. నెలనెలా పునరావృతమయ్యే శుద్ధి స్నానానికి ఇది పూర్తిగా దూరం జరిగిపోయింది.

గలతీ 3:27-28లో బొమ్మ వేరు, బట్ట. క్రీస్తులోకి బాప్తిస్మం పొందినవాళ్లు క్రీస్తును తొడుక్కున్నారు. ఆ వెంటనే యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు, పురుషుడని స్త్రీ అని లేదు. దీన్ని ఆ పత్రికలోని గొడవతో కలిపి చదవాలి. అక్కడ తగువంతా సున్నతి గురించి. సున్నతి మగవాళ్లకే జరుగుతుంది. నీళ్లు అందరికీ ఒకేలా. ఫిలిప్పీలో ఊదారంగు బట్టలమ్మే లూదియ తాను బాప్తిస్మం పొంది, తన ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చింది. సున్నతి గుర్తుగా ఉన్నచోట ఒక స్త్రీ అలా ముందు నిలబడడానికి వీల్లేదు.

అయితే ఇది తాయెత్తు కాదని కూడా పౌలే హెచ్చరిస్తాడు. ఎర్ర సముద్రం దాటిన పితరులంతా మేఘంలో, సముద్రంలో బాప్తిస్మం పొందినవాళ్లే, అయినా వాళ్లలో ఎక్కువమంది అరణ్యంలో రాలిపోయారు అంటాడు మొదటి కొరింథీ 10లో. మొదటి పేతురు 3:21 కూడా ఒకే వాక్యంలో రెండూ పట్టుకుంటుంది. బాప్తిస్మం రక్షిస్తుంది అంటూనే, అది ఒంటి మురికి వదిలించడం కాదు, దేవుని ఎదుట నిర్మలమైన మనస్సాక్షికి సంబంధించింది అంటుంది. సగం వాక్యం పట్టుకుని వాదించేవాళ్లకు ఈ వచనం ఇరువైపులా దొరుకుతుంది.

ఇక మనవాళ్ల రెండు ప్రశ్నలు. పాతిపెట్టబడడం అన్న బొమ్మకు మునకే సరిగ్గా సరిపోతుంది, అందులో సందేహం లేదు. నీళ్లలోకి దిగారు, నీళ్లలోంచి వచ్చారు అన్న మాటలతో మాత్రం అది రుజువు కాదు. ఐతియొపీయుడితోపాటు ఫిలిప్పు కూడా దిగాడు, ఫిలిప్పు మునగలేదు కదా. తొలి సంఘం ఏం చేసిందో దిదఖే అనే చిన్న బోధ పుస్తకం చెబుతుంది. మొదటి శతాబ్దం చివరికో రెండోదాని మొదటికో చెందిన ఆ పుస్తకపు గ్రీకు ప్రతి 1873లో ఇస్తాంబుల్‌లో దొరికింది, 1883లో అచ్చయింది. దాని 7వ అధ్యాయం మెట్లుమెట్లుగా ఉంటుంది: పారే నీళ్లలో ఇవ్వు. లేకపోతే వేరే నీళ్లలో. చల్లటివి కుదరకపోతే వేడినీళ్లలో. ఏవీ చాలినన్ని లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున తల మీద మూడుసార్లు పోయి. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ముందు ఉపవాసం ఉండాలి, పుచ్చుకునేవాడు ఒకటి రెండు రోజులు. యేసు నామమా, త్రియేక నామమా అని తగువు పడేవాళ్లకు ఇందులోనే ఒక జవాబుంది. 7వ అధ్యాయంలో త్రియేక నామం చెప్పిన ఈ పుస్తకమే, 9వ అధ్యాయానికొచ్చేసరికి ప్రభువు నామమున బాప్తిస్మం పొందినవాళ్లు అంటుంది. వాళ్లకు రెండింటి మధ్యా పేచీ కనబడలేదు.

పసిపిల్లల మాట కొత్త నిబంధనలో సూటిగా లేదు. ఇంటివారందరూ అన్న మాటలో పిల్లలున్నారనీ చెప్పలేం, లేరనీ చెప్పలేం. స్తెఫను ఇంటివాళ్లు పరిశుద్ధుల సేవకు తమను అప్పగించుకున్నారని అదే పత్రిక 16:15లో ఉంది కాబట్టి, ఆ ఒక్క ఇంట్లో లెక్కలోకి వచ్చినవాళ్లు పెద్దవాళ్లే అనిపిస్తుంది. సుమారు 200లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ పిల్లలకు తొందరపడి ఇవ్వొద్దని రాశాడు. వద్దనాల్సి వచ్చిందంటే అప్పటికే ఇస్తున్నారన్నమాట. అంతకు మించి లాగితే పాఠం తెగుతుంది.

చేయి ముఖ్యమా, పేరు ముఖ్యమా అన్న ప్రశ్న మళ్లీ 250ల్లో లేచింది. సంఘం నుంచి చీలిపోయినవాళ్లు ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా? చెల్లదు, మళ్లీ ఇవ్వాలి అన్నాడు కార్తేజు బిషప్ సిప్రియన్. చెల్లుతుంది, చేతులుంచి చేర్చుకుంటే చాలు అన్నాడు రోము బిషప్ స్తెఫను. 314లో ఆర్లెస్‌లో జరిగిన బిషప్పుల సభ రోము వైపు మొగ్గింది: తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలో పొందినవాడైతే మళ్లీ ఇవ్వనక్కర్లేదు. పౌలు తన చేతిని పక్కన పెట్టిన తీరుకు ఇదే దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

మన ఊళ్లలో ఈ తగువు వేరే రూపంలో బతికే ఉంది. చిన్నప్పుడు చిలకరింపు పొందినవాళ్లు బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలకు మారినప్పుడు మళ్లీ తొట్టిలోకి దిగమంటారు. దానికి ఆధారంగా తరచూ చూపేది ఎఫెసులోని ఆ పన్నెండుమందినే. కానీ వాళ్లు అంతకుముందు పొందింది యోహాను బాప్తిస్మం. యేసు నామం వాళ్ల మీద అప్పటిదాకా పలకనేలేదు. కాబట్టి అది రెండోసారి కాదు, మొదటిసారే. యోహాను బాప్తిస్మం మాత్రమే తెలిసిన అపొల్లోకు, సరిగ్గా అంతకుముందు వచనాల్లో, అకుల ప్రిస్కిల్లలు మార్గాన్ని విడమరిచి చెప్పినట్టే ఉంది తప్ప మళ్లీ బాప్తిస్మం ఇచ్చినట్టు లేదు. పసివయసులో చిలకరింపు అసలు బాప్తిస్మమే కాదని నమ్మేవాళ్లు ఆ మాట నేరుగా రుజువు చేసుకోవాలి. అందుకు రోమా 6 దగ్గరికీ, విశ్వాసాన్ని ముందుంచే అపొస్తలుల కార్యములు 2:41 దగ్గరికీ వెళ్లొచ్చు. ఎఫెసు ఘట్టం మాత్రం ఆ బరువు మోయదు.